ఎర్రగుడి రాళ్ల నుంచి పత్తికొండ బావి దాకా

డోను దాటాక తెల్లవారింది. కిటికీ పక్కన కూర్చుని చూస్తున్నాను. కాసేపు ఎర్రనేల, కాసేపు నల్లరేగడి, మధ్యమధ్య ఒకదాని మీదొకటి నిలబడ్డ పెద్ద పెద్ద గుండ్లు. మాది గుంటూరు వైపు. ఊరంటే పక్కన కాలువో చెరువో ఉండాలన్న అలవాటు నా కళ్లది. ఇక్కడ ఊరి తర్వాత ఊరు వస్తోంది గాని నీళ్లు కనపడవు. అయినా తుగ్గలి, మద్దికెర అని స్టేషన్ల పేర్లు వస్తుంటే తెలిసినవాళ్లు ఎదురొచ్చినంత సంతోషం కలిగింది. ఆ పేర్లన్నీ ఇంటి దగ్గరే చదువుకుని వచ్చాను మరి.

పోయే చోటు గురించి ముందు చదువుకోవడం విదేశాలకు వెళ్లేవాళ్ల పని అనుకుంటాం. ఈజిప్టుకో ఇటలీకో పోతే గైడు పుస్తకం కొంటాం. పక్క జిల్లాకు పోతే బస్సు టైమింగులు కనుక్కుంటే చాలనుకుంటాం. కర్నూలు జిల్లా పడమటి కొసకు బయలుదేరే ముందు నేను కొన్ని వారాలు చదివాను. చదవబట్టే ఈ ప్రయాణం ప్రయాణమైంది.

మీరూ చదువుదామనుకుంటే ముందుగా ఒక చిక్కు ఎదురవుతుంది. కర్నూలు జిల్లా పాత మాన్యువల్ ఉంది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి రాసింది, 1886లో అచ్చయింది. దాంట్లో పత్తికొండ ఉంటుంది గాని, ఆదోని గాని ఎమ్మిగనూరు గాని ఉండవు. ఎందుకంటే అవి అప్పుడు బళ్లారి జిల్లాలోవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పుడు బళ్లారిలో ఎక్కువ భాగం మైసూరుకు పోతే ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు మిగిలాయి. కాబట్టి ఆదోని కథ కావాలంటే ఫ్రాన్సిస్ రాసిన 1904 నాటి బళ్లారి గెజెటీరు తీయాలి. పోనీ పత్తికొండ అయినా మొదటి నుంచీ కర్నూలుదా అంటే అదీ కాదు. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడేదాకా అదీ బళ్లారి కిందే ఉంది. అంతకుముందు నిజాముది. 1800లో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి వదిలేశాడు. దత్తమండలాలన్న పేరు అలా వచ్చిందే. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరు ఆ తర్వాత స్థిరపడింది. నేల కదల్లేదు, జిల్లాల గీతలే అటూ ఇటూ కదిలాయి. అది తెలిశాక ఆదోని బజారులో కన్నడం వినిపిస్తే వింతగా ఉండదు.

గుంతకల్లులో దిగి బస్టాండు దగ్గర టిఫిన్ బండి ముందు నిలబడ్డాను. ఇడ్లీ అడిగితే, "ఉగ్గాని తినండి సార్, వేడిగా ఉంది" అన్నాడు బండాయన. మా వైపు మరమరాలంటే సాయంత్రం పొట్లంలో పోసుకుని నములుతూ నడిచే తిండి. ఇక్కడ వాటిని బొరుగులంటారు, పొద్దున్నే పళ్లెంలో వడ్డిస్తారు. ఆయన చేసే తీరు దగ్గరగా చూశాను. బక్కెటు నీళ్లలో బొరుగులు ముంచి, వెంటనే రెండు చేతులతో తీసి గట్టిగా పిండి, పక్క గిన్నెలో వేస్తాడు. కాస్త ఆలస్యమైతే ముద్దయిపోతాయట. అప్పటికే మూకుట్లో ఉల్లిపాయ, పచ్చిమిరప ముద్ద, పసుపు వేగుతుంటాయి. బొరుగులు అందులో వేసి రెండు తిప్పులు తిప్పి, పైన పుట్నాల పొడి చల్లి, నిమ్మకాయ పిండుతాడు. పక్కన మిరపకాయ బజ్జి తప్పనిసరి. బజ్జి లేకుండా ఉగ్గాని అడిగితే ఆయన నావైపు జాలిగా చూశాడు. మీరు వెళ్తే అలా అడక్కండి. ఆ రెండూ కలిపి తింటేనే దాని రుచి.

అక్కణ్ణుంచి గుత్తి. కోట ఊరి మీదికి వంగి చూస్తున్నట్టుంటుంది. మురారిరావు ఘోర్పడే ఏలిన కోట, 1776లో హైదరాలీ చేతికి చిక్కింది. పైన మురారిరావు కూర్చునేవాడని చెప్పే చోటు ఒకటుంది. అక్కడ చదరంగం ఆడేవాడంటారు. కింద ఆంగ్లేయుల సమాధుల దొడ్డిలో మన్రో దొరను మొదట పాతిపెట్టారు. ఈ మన్రో పత్తికొండకు చాలా కావలసినవాడు కాబట్టి రెండు మాటలు చెప్పాలి. గ్లాస్గోలో 1761లో పుట్టిన థామస్ మన్రో, 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరు. గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగి, రైతుల భాషల్లోనే మాట్లాడి, మధ్య దళారులు లేకుండా ప్రతి రైతుకూ విడిగా పట్టా ఇచ్చి శిస్తు కట్టించుకునే రైత్వారీ పద్ధతిని ఇక్కడ పాదుకొల్పాడు. 1820 నుంచి మద్రాసు గవర్నరు. ఈ సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకునేంత ఆదరం సంపాదించాడు.

గుత్తి నుంచి పత్తికొండ బస్సెక్కితే పన్నెండు పదమూడు కిలోమీటర్లకు ఎర్రగుడి వస్తుంది. కండక్టరుకు "శాసనాల దగ్గర దించండి" అని చెబితే చాలు. దిగాక మాత్రం దారి తోచలేదు. అటు చూసినా గుండ్లే, ఇటు చూసినా గుండ్లే. వీటిలో అశోకుడివి ఏవో, ఉత్త రాళ్లు ఏవో తెలియదు. వేరుశనగ చేలో కలుపు తీస్తున్న ఒకామెను అడిగాను.

"అక్కా, శాసనాలెక్కడ?"

"రాతల గుండ్లా? ఆ బోర్డు పక్కనుంచి పైకి పో అన్నా. నీళ్లు తెచ్చుకున్నావా? పైన దొరకవు."

తెచ్చుకోలేదని చెప్పేలోపే తన సీసా చేతిలో పెట్టింది.

పైకెక్కాక మొదటి గుండు ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. అక్షరాలు వేలెడు పొడవున్నాయి. కొన్నిచోట్ల రాయి పెచ్చులూడి పోయాయి. కొన్నిచోట్ల పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి గీత గీతా లేచి కనిపిస్తోంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దపు రాత అది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. ఈ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ చదివేదాకా దేశంలో ఎవరికీ అంతుపట్టలేదు. ఎర్రగుడి రాళ్లు లోకానికి తెలిసింది ఇంకా ఆలస్యంగా, 1920ల చివర్లో. అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఖనిజాలు వెతుక్కుంటూ వచ్చి వీటిని చూశాడు. పద్నాలుగు పెద్ద శాసనాలూ, వాటితోపాటు చిన్న శాసనాలూ ఒకేచోట ఉండటం దీని ప్రత్యేకత.

చదివి వెళ్లడం ఎందుకని ఎవరైనా అడిగితే నేను ఈ గుండునే చూపిస్తాను. చదవనివాడికి ఇవి గీతలు. చదివినవాడికి ఇక్కడ ఒక రాజు మాట్లాడుతున్నాడు. తన వంటశాలలో రోజూ లక్షలకొద్దీ జీవాలను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమేనని, ఆ జింక కూడా రోజూ కాదని చెబుతున్నాడు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయారని, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారని, దానికి తాను పశ్చాత్తాపపడుతున్నానని చెబుతున్నాడు. ఆ పదమూడో శాసనం పాఠంలోనే ఆంధ్రుల పేరు కూడా వస్తుంది. గెలిచిన రాజు తన గెలుపుకు ఏడవడాన్ని రాతి మీద చెక్కించుకోవడం మన చరిత్రలో మళ్లీ నాకు కనబడలేదు.

చిన్న శాసనంలో ఇంకో వింత. ఒక వరస ఎడమ నుంచి కుడికి పోతే, తర్వాతి వరస కుడి నుంచి ఎడమకు వస్తుంది. చాలు చివర ఎద్దుల్ని మళ్లించుకుని వచ్చినట్టు రాత తిరిగొస్తుంది. అన్ని వరసలూ అలా లేవు, కొన్నే. చెక్కినవాడు ఎందుకలా చేశాడోనని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అందులో చెప్పిన సంగతి మాత్రం సూటిగా ఉంటుంది. తల్లిదండ్రుల మాట వినండి, పెద్దల్ని గౌరవించండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి, శిష్యుడు గురువును మన్నించాలి. ఈ మాటల్ని రజ్జుకుడనే అధికారి చాటింపు వేయించి జనానికి వినిపించాలట. ఏనుగుల మావటీలకు, లేఖకులకు, రథాలు తోలేవాళ్లకు, వేదం చెప్పే గురువులకు కూడా చెప్పాలట. అంటే అప్పుడు ఈ గుండ్ల నడుమ డప్పు మోగింది, గుంపు కూడింది, ఒకడు గట్టిగా చదివాడు. కింద చేలో కలుపు తీసే ఆమె పాట వినిపిస్తుంటే అది ఊహించుకోవడం కష్టం కాలేదు. పక్కనే ఉన్న జొన్నగిరే అశోకుడి దక్షిణ రాజధాని సువర్ణగిరి అని చాలామంది చరిత్రకారుల నమ్మకం.

ఆ జొన్నగిరి వైపు వెళ్తే తొలకరి తర్వాత చేలల్లో జనం తలలు దించుకుని నడుస్తూ కనిపిస్తారు. వాన మట్టిని కడిగేస్తే వజ్రాలు బయటపడతాయని. అనంతపురం నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, కర్ణాటక నుంచి కుటుంబాలతో వచ్చి చెట్ల కింద వండుకుంటారు. దొరికేది ఏ ఒకరిద్దరికో. ఒక పెద్దాయనను అడిగితే, "దొరికితే బాగు, దొరక్కపోతే ఇంగో వానకు వస్తాం" అన్నాడు. నేను రాళ్ల మీది అక్షరాల కోసం వచ్చానంటే ఆయన నవ్వి, "మీ రాయి యాడికీ పోదు లేప్పా" అన్నాడు.

పత్తికొండలో దిగేసరికి టమోటా వాసన. మార్కెట్టు దగ్గర రోడ్డంతా గంపలు, క్రేట్లు, ఆటోలు, లారీలు. వేలం పాట వేగానికి నా చెవులు అందుకోలేదు. ధర పలికిన రోజు రైతు మొహం ఒకలా ఉంటుంది, పలకని రోజు టమోటాలు రోడ్డు పక్కన పారబోసి పోతారు. మా గుంటూరు మిరప యార్డులో ఘాటుకు తుమ్ములొస్తాయి గాని సరుకుకు కోల్డ్ స్టోరేజీ ఉంది. కొంతకాలం ఆగొచ్చు. టమోటా ఆగదు. ఆ ఒక్క తేడాతో ఇక్కడి రైతు బతుకు ఎంత నాజూకైపోయిందో వేలం దగ్గర కాసేపు నిలబడితే అర్థమవుతుంది.

1827లో మన్రో పదవి వదిలేసి స్వదేశానికి పోవలసి ఉంది. పోయేముందు తన పాత సీమను చివరిసారి చూడాలని బయలుదేరాడు. అప్పుడు ఈ దారుల్లో కలరా ఉంది. జూలై 6 పొద్దున్న పత్తికొండ గుడారంలో జబ్బు పడ్డాడు, రాత్రికి పోయాడు. శవాన్ని గుత్తికి తీసుకుపోయి పాతిపెట్టారు. 1831లో మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి మార్చారు. పత్తికొండలో ఆయన గుర్తుగా ప్రభుత్వం ఒక తోపు నాటించి, రాతి మెట్ల బావి కట్టించింది.

ఈ వాక్యం ఇంటి దగ్గర చదివినప్పుడు ముందుకు సాగిపోయాను. ఎర్రగుడి నుంచి నేరుగా పత్తికొండ వచ్చాకే అది మనసుకు తగిలింది. అశోకుడి రెండో శాసనంలో ఏముంది? మనుషులకూ పశువులకూ వైద్యం, దారుల వెంట బావులు, చెట్లు. అదే బాట మీద రెండు వేల ఏళ్ల తర్వాత ఒక గవర్నరు చనిపోతే ఆయన గుర్తుకు చేసిందీ అదే, బావీ చెట్లూ. మద్రాసులో ఆయనకు గుర్రం మీద కూర్చున్న పెద్ద కంచు విగ్రహం పెట్టారు. ఈ నేలకు విగ్రహం అక్కర్లేదు, నీళ్లు కావాలి. ఇక్కడ మనిషిని తలుచుకునే పద్ధతిని ఈ నేలే నిర్ణయించింది. పుస్తకం ఒక్కటే చదివినా నాకిది తట్టేది కాదు, పుస్తకం లేకుండా బస్సు ఒక్కటే ఎక్కినా తట్టేది కాదు.

మధ్యాహ్నం ఒక అవ్వ నడిపే చిన్న మెస్సులో జొన్నరొట్టె తిన్నాను. పిండిముద్దను పీట మీద అరచేత్తో తడుతూ తిప్పుతుంటే అంచు ఎక్కడా పగలకుండా గుండ్రంగా పెరుగుతుంది. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైపిండి తుడుస్తుంది. ఒక నిమిషానికి రొట్టె పొంగుతుంది. గుత్తొంకాయ, శనక్కాయల పొడి, పచ్చి ఉల్లిపాయ. మా ఇంట్లో అన్నం లేని భోజనాన్ని భోజనమనరు. ఇక్కడ రెండు రొట్టెలు తిన్నాక సాయంత్రం దాకా ఆకలే తెలియలేదు.

"మీది యా ఊరప్పా?"

"గుంటూరు, అవ్వా."

"గుంటూరా! మిరపకాయలు కోయనీకి వస్తాం గదా సుగ్గికి. సత్తెనపల్లి, నర్సరావుపేట అన్నీ తెలుసు నాకు. నా కొడుకూ కోడలూ ఇప్పటికీ వస్తారు. పిల్లోళ్లను ఒక్కోసారి నాకాడ ఇడుస్తారు, ఒక్కోసారి ఎంట తీస్కపోతారు."

"తీసుకుపోతే బడి?"

"బడి యాడుంటాదప్పా, చేన్లో ఉంటారు."

నేను ఈమె నేల గురించి వారాలపాటు చదివి వచ్చాను. ఈమె నా నేలను ఒంగి కోస్తూ తెలుసుకుంది. మా ఊరి చేల గట్ల మీద ప్రతి ఏడూ చూసే గుడారాలు ఎవరివో, ఎక్కడి నుంచి వస్తాయో, ఇన్నాళ్లకు ముఖాలతో సహా తెలిసింది.

మన్రో 1822లో ఒక ఉత్తర్వు వేశాడు. ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయి, పిల్లలు ఏం చదువుతున్నారు, లెక్కతీసి పంపమని కలెక్టర్లను అడిగాడు. పత్తికొండ అప్పుడు బళ్లారిలోది కాబట్టి ఆ జిల్లా కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికే ఈ ప్రాంతానిది కూడా. అందులో 533 బడుల లెక్క ఉంది. తెలుగువి, కన్నడంవి ఎక్కువ. బడులు తగ్గిపోతున్నాయని, జనం పేదరికంలో పడి పసిపిల్లల్ని సైతం చేతికొచ్చిన కూలికి పంపుతున్నారని రాశాడు. ఇంగ్లండు మిల్లు గుడ్డలొచ్చి ఇక్కడి నేతగాళ్ల రాబడి పడిపోయిందనీ రాశాడు. కంపెనీ ఉద్యోగే రాశాడు ఆ మాట. ఇంటి దగ్గర చదివినప్పుడు అది పాత కాగితం. అవ్వ మెస్సులో అది ఈ ఏటి సంగతి. సుగ్గికి, అంటే వలస కూలికి, పోయేవాళ్ల పిల్లల కోసం ఊళ్లో సీజనల్ హాస్టళ్లు నడపడం నిజమే గాని, అవి పంట కోతలకు ముందే తెరిస్తేనే ఉపయోగం. అమ్మానాన్నలు రైలెక్కాక తెరిస్తే పిల్లలు అప్పటికే మా చేలల్లో ఉంటారు.

నేతగాళ్ల మాటకు జవాబు ఎమ్మిగనూరులో ఉంది. మాచాని సోమప్ప 1938లో అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. నూలు తెచ్చి ఇవ్వడం, గుడ్డ కొనడం, అమ్మడం, నేతగాళ్లకు ఇళ్లు కట్టించడం దాకా సంఘమే చూసింది. ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. ఊళ్లో ఆయన పేరు చెబితే ముసలివాళ్లు ఇప్పటికీ నిలబడి మాట్లాడతారు. మగ్గం చప్పుడు మునుపంత లేదు. అయినా వినిపించే వీధులున్నాయి, వెతుక్కుని వెళ్లండి.

పత్తికొండ నుంచి ఆదోనికి ఆస్పరి మీదుగా వెళ్లాను. పత్తి బేళ్లు, జిన్నింగు మిల్లులు, తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే దుకాణం ముందు. కోట ఎక్కడానికి ఒక పొద్దంతా కేటాయించుకోవాలి. నాకు మాత్రం అన్నిటికన్నా జామియా మసీదు నచ్చింది. బీజాపూరు సుల్తానుల తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ కట్టించాడు. ఔరంగజేబు సైన్యం కోటను ముట్టడించినప్పుడు ఫిరంగులు మసీదు వైపు తిప్పారని, దాన్ని కూలగొడతారన్న భయంతోనే ఆయన కోట అప్పగించాడని ఒక కథ ఉంది. మంత్రాలయం రాఘవేంద్రస్వామికి మంచాల గ్రామం ఇచ్చింది కూడా ఈయనేనని మఠం కథ. ఈ రెండు కథలూ తెలుసుకుని ఆ రాతి తోరణాల కింద నిలబడితే, మసీదుకూ మఠానికీ మధ్య దూరం పటంలో కనిపించేంత లేదనిపిస్తుంది.

మన పెద్దల్లో ఇలా తిరిగినవాళ్లు లేకపోలేదు. ఏలూరు నుంచి వచ్చిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముళ్లు కంపెనీ సర్వేయరు మెకంజీ దగ్గర చేరి ఊరూరా కైఫీయత్తులు, అంటే ఊళ్ల చరిత్రలు, పోగుచేశారు. మన్రో పోయిన మూడేళ్లకు, 1830లో, ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి, దారిలో ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుందో దాకా రాసుకున్నాడు. వాళ్లు ముందు అడిగారు, తర్వాత నడిచారు, నడుస్తూ మళ్లీ అడిగారు.

మీరు వెళ్లాలనుకుంటే తొలకరి దాటాక వెళ్లండి. ఎండ తగ్గుతుంది, చేలు పచ్చగా ఉంటాయి. ఎర్రగుడికి పొద్దున్నే చేరుకోండి, మధ్యాహ్నం ఎండ నిటారుగా పడితే అక్షరాలు కనపడవు. నీళ్లు వెంట తీసుకెళ్లండి. పత్తికొండకు కర్నూలు మాన్యువల్, ఆదోని, ఎమ్మిగనూరులకు బళ్లారి గెజెటీరు చదవండి. రెండూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. గుంటూరు, పల్నాడు వైపు నుంచి వెళ్లేవాళ్లు ఇంకొకటి చేయాలి. వచ్చే మిరప కోతలకు మన చేలోకి వచ్చే మనుషుల్ని ఏ ఊరి నుంచి వచ్చారో, పిల్లల్ని ఎక్కడ వదిలి వచ్చారో అడగండి. పిల్లలు వెంట వచ్చి ఉంటే, దగ్గర్లోని బడిలో ఆ నెలలకు చేర్పించండి.